చర్మం చుట్టూ అల్లుకున్న దేహం

మన జంతుశాస్త్ర పుస్తకాల్లో ఉభయచరాల పాఠం దాదాపు ఎప్పుడూ ఒకే దారిలో నడుస్తుంది. చేప గుండెకు రెండు గదులు, కప్ప గుండెకు మూడు, పక్షికీ క్షీరదానికీ నాలుగు. కప్ప ఊపిరితిత్తులు సాదా సంచులు, దాని మూత్రపిండం చిక్కటి మూత్రాన్ని తయారు చేయలేదు, దాని చర్మం ఒంట్లోని తేమను పట్టి ఉంచలేదు. ఒక్కో వ్యవస్థకు ఒక్కో శీర్షిక, ఒక్కో శీర్షిక కింద ఒక్కో లోటు. పాఠం ముగిసేసరికి విద్యార్థికి మిగిలే అభిప్రాయం ఒకటే: నీళ్లు వదిలి నేల మీదికి రాబోయి నడిమధ్యలో ఆగిపోయిన ప్రాణి కప్ప అని. ఈ తీర్పు రెండు విధాలుగా తప్పని నా వాదన. శరీరం పనిచేసే తీరును బట్టి చూసినా తప్పే, పరిణామ చరిత్రను బట్టి చూసినా తప్పే. శ్వాస, రక్తప్రసరణ, విసర్జన అనే అధ్యాయాలను విడివిడిగా చదివినంతకాలం ఉభయచర దేహంలో లోపాలే కనిపిస్తాయి. వాటిని చర్మం దగ్గర కలిపి చదివితే ఆ లోపాల్లో చాలా భాగం ఒకే ఏర్పాటులోని భాగాలని తెలుస్తుంది. ఆ ఏర్పాటుకు మూల్యం కూడా పెద్దదే. ఈనాడు ఉభయచరాలు ప్రపంచమంతటా ఎందుకు తగ్గిపోతున్నాయో అర్థం కావాలంటే ఈ రెంటినీ కలిపి చూడాలి.

శ్వాసతో మొదలుపెడదాం. డెన్మార్క్ శరీరధర్మ శాస్త్రవేత్త ఆగస్ట్ క్రో 1904లో కప్ప ఊపిరితిత్తుల గుండా, చర్మం గుండా జరిగే వాయు మార్పిడిని వేర్వేరుగా కొలిచాడు. ఆయన ఫలితం ఇవాళ్టికీ నిలిచే ఉంది. ఆక్సిజన్‌లో ఎక్కువ భాగం ఊపిరితిత్తుల ద్వారా లోపలికి వస్తుంది, కార్బన్ డయాక్సైడ్‌లో ఎక్కువ భాగం చర్మం ద్వారా బయటికి పోతుంది. కారణం భౌతికమైనదే. కార్బన్ డయాక్సైడ్ నీటిలో ఆక్సిజన్ కంటే చాలా సులభంగా కరుగుతుంది, తడి పొరను అంతే సులభంగా దాటుతుంది. అంటే కప్పకు రెండు శ్వాస మార్గాలున్నాయని చెప్పి ఊరుకుంటే సగమే చెప్పినట్టు. ఆ రెండూ పని పంచుకున్నాయి. చలికాలంలో ఒళ్లు చల్లబడి అవసరం తగ్గినప్పుడు చర్మం ఒక్కటే ఆ రెండు పనులనూ దాదాపుగా నెట్టుకొస్తుంది. పక్కటెముకలతో రొమ్ము విప్పడం, విభాజక పటలంతో గాలి లాగడం కప్పకు లేవు. నోటి అడుగుభాగాన్ని దించి ముక్కు గుండా గాలి తీసుకుని, ముక్కు రంధ్రాలు మూసి, ఆ గాలిని ఊపిరితిత్తుల్లోకి నెడుతుంది. కప్ప గొంతు అదే పనిగా అదురుతూ కనిపించడంలో ఈ శ్వాసకు భాగం ఉంది. 1661లో శాస్త్రవేత్త మార్చెల్లో మాల్పీఘీ సూక్ష్మదర్శిని కింద మొదటిసారి రక్తకేశనాళికలను చూసింది కప్ప ఊపిరితిత్తుల్లోనే. ధమనులకూ సిరలకూ మధ్య తెగిపోయినట్టున్న లంకె అప్పుడే దొరికింది. ఆ ఊపిరితిత్తులకు మరో పని కూడా ఉంది. తొలకరికి మన చెరువు గట్ల మీద పసుపు రంగు తిరిగి, నీలి గొంతుసంచులు ఉబ్బించి అరిచే మగ బోదురుకప్పల స్వరానికి గాలినిచ్చేవి అవే.

ఊపిరితిత్తులు పూర్తిగా మానేసిన ఉభయచరాలు ఉండటం ఇక్కడ గట్టి సాక్ష్యం. ప్లెతోడాంటిడే కుటుంబంలోని సుమారు 500 జాతుల సాలమాండర్లకు ఊపిరితిత్తులే లేవు. సాలమాండర్లన్నిటిలోకీ పెద్ద కుటుంబం ఇదే. ఎక్కువగా అమెరికా ఖండాల్లో ఉంటుంది. చర్మం, నోటి లోపలి పొర, ఈ రెండిటితోనే ఆ జీవులు అడవి నేలల్లోనూ చెట్ల మీదా బతుకుతున్నాయి. దక్షిణ అమెరికాలో అట్రెటోకోయానా అనే సిసీలియన్ (కాళ్లు లేని ఉభయచరం) కూడా అలాంటిదే. అయితే ఈ విషయంలో ఉత్సాహం హద్దు మీరిన సందర్భమూ ఉంది. బోర్నియో దీవిలోని బార్బరులా కప్పకు ఊపిరితిత్తులు లేవని 2008లో ప్రకటించారు. ఊపిరితిత్తులు లేని తొలి కప్పగా అది పుస్తకాల్లోకి ఎక్కింది. తరువాత సూక్ష్మ సీటీ స్కాన్‌లతో చూస్తే చిన్నవే అయినా ఊపిరితిత్తులు ఉన్నాయని తేలింది. కాబట్టి కప్పల్లో ఊపిరితిత్తులు పూర్తిగా పోయిన ఉదాహరణ ప్రస్తుతానికి లేదు. కానీ దాదాపు 3,800 మీటర్ల ఎత్తున టిటికాకా సరస్సులో బతికే కప్పకు ఊపిరితిత్తులు బాగా చిన్నవి, చర్మం మాత్రం మడతలు మడతలుగా వేలాడుతుంది. ఆ మడతల వల్ల నీటికి తగిలే విస్తీర్ణం పెరుగుతుంది.

ఇప్పుడు గుండె దగ్గరికి వద్దాం. పాఠ్యపుస్తకాల తీర్పు అన్నిటికంటే గట్టిగా వినిపించేది ఇక్కడే. కప్ప గుండెలో రెండు కర్ణికలు, ఒకటే జఠరిక. కుడి కర్ణికకు శరీరం నుంచి, ఎడమ కర్ణికకు ఊపిరితిత్తుల నుంచి రక్తం వస్తుంది. రెండూ ఒకే జఠరికలో పడతాయి కాబట్టి మంచి రక్తం, చెడు రక్తం కలిసిపోతాయని పాఠం. మొదటి సంగతి, అవి అనుకున్నంతగా కలవవు. జఠరిక లోపలి గోడ స్పంజిలా కండర పోగులతో నిండి ఉంటుంది, రెండు ప్రవాహాలు చాలావరకు విడివిడిగానే ఉంటాయి. పైన ధమనీ శంకువులోని సర్పిల కవాటం ఒక ప్రవాహాన్ని తలకూ శరీరానికీ, మరొకదాన్ని పుపుస చర్మ ధమనిలోకీ మళ్లిస్తుంది. ధమనుల్లో ఆక్సిజన్ కొలిచిన ప్రయోగాల్లో మెదడుకు వెళ్లే రక్తంలో అది ఎక్కువగానూ, ఊపిరితిత్తులకూ చర్మానికీ వెళ్లే రక్తంలో తక్కువగానూ కనిపించింది. రెండో సంగతి ఇంకా ముఖ్యం. చర్మం దగ్గర ఆక్సిజన్ నింపుకున్న రక్తం తిరిగి వచ్చేది ఎడమ కర్ణికకు కాదు, శరీర సిరల గుండా కుడి కర్ణికకు. అంటే కుడివైపు రక్తాన్ని చెడు రక్తమని పిలవడానికి కప్పలో అసలు వీల్లేదు. కప్ప నీళ్లలో మునిగి ఉన్నప్పుడు ఊపిరితిత్తుల నుంచి రావలసిన ఆక్సిజన్ క్రమంగా అడుగంటుతుంది, చర్మం నుంచి వచ్చే ఆక్సిజనే ఆధారం. అప్పుడు ఊపిరితిత్తుల రక్తనాళాలు ముడుచుకుంటాయి, వాటికి వెళ్లే రక్తం తగ్గుతుంది, చర్మానికి వెళ్లే వాటా పెరుగుతుంది. మన గుండెలా జఠరిక నిలువునా రెండుగా చీలి ఉంటే ఈ సర్దుబాటు కుదరదు. మనలో కుడివైపు నుంచి వెళ్లిన రక్తమంతా ఊపిరితిత్తులు దాటి తీరాలి, రెండువైపుల ప్రవాహం ఎప్పుడూ సమానంగా ఉండాలి. క్షణం ఆగకుండా ఊపిరి తీసే జంతువుకు అది చక్కగా సరిపోతుంది. ఆగి ఆగి ఊపిరి తీస్తూ, మధ్యలో చర్మం మీద ఆధారపడే జంతువుకు అది ఊపిరాడని ఉచ్చు. ఊపిరితిత్తులు లేని సాలమాండర్లలో రెండు కర్ణికల మధ్య గోడ కూడా తగ్గిపోయిందన్నది ఈ వాదనకు మరో బలం. గుండె గదుల లెక్క ఆ జంతువు ఊపిరి తీసే పద్ధతిని చెబుతుంది. దాని అభివృద్ధి స్థాయిని చెప్పదు.

దీనికి ఒక ఆక్షేపణ ఉంది, న్యాయమైనదే. అంత బాగా పనిచేసే ఏర్పాటైతే కప్ప ఎందుకు అంత త్వరగా అలసిపోతుంది? నాలుగు గెంతులు వేశాక అది చతికిలబడుతుంది కదా? నిజమే. పెద్ద గెంతులకు కావలసిన శక్తిలో ఎక్కువ భాగాన్ని అది ఆక్సిజన్ లేకుండానే పుట్టిస్తుంది. కండరాల్లో లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది, కోలుకోవడానికి గంటలు పడుతుంది. అదే బరువున్న క్షీరదం విశ్రాంతిగా ఉన్నప్పుడు వాడే శక్తిలో కప్పకు చిన్న వంతు చాలు. కాబట్టి కప్ప గుండె ఎలుక గుండెకు సాటి అని ఎవరూ అనలేరు, నేనూ అనను. అయితే తక్కువ శక్తితో బతకడం వల్ల వచ్చే లాభం తక్కువేమీ కాదు. నెలల తరబడి తిండి లేకుండా మట్టిలో పడి ఉండగలగడం, తిన్న పురుగులో ఎక్కువ వంతును ఒళ్లుగా మార్చుకోగలగడం ఆ పొదుపు ఫలితమే. ఉత్తర అమెరికాలోని వుడ్ ఫ్రాగ్ చలికాలంలో గడ్డకట్టి, గుండె కొట్టుకోవడం కూడా ఆగిపోయి, వసంతంలో కరిగి లేస్తుంది. కాలేయం విడుదల చేసిన గ్లూకోజ్ దాని కణాలను ఈలోగా కాపాడుతుంది. ఎప్పుడూ వేడిగా ఉండవలసిన ఒంటికి ఆ అవకాశం లేదు.

నీటి విషయంలో చర్మం పాత్ర శ్వాస విషయంలో కంటే పెద్దదని నా అభిప్రాయం. కప్ప నోటితో నీళ్లు తాగదు. పొట్ట అడుగున, తొడల సందున ఉండే పలుచని, రక్తనాళాలు దట్టంగా ఉన్న చర్మాన్ని తడి నేలకు ఆనించి కూర్చుంటుంది; నీరు ఆ చర్మం గుండా లోపలికి వస్తుంది. ఒళ్లు ఎండినప్పుడు మెదడు నుంచి వెలువడే వాసోటోసిన్ అనే హార్మోన్ ఆ చర్మంలోని నీటి ద్వారాలను మరింతగా తెరుస్తుంది. అదే హార్మోన్ మూత్రపిండాన్ని నీరు తక్కువగా వదలమంటుంది, మూత్రాశయంలో ఉన్న నీటిని తిరిగి రక్తంలోకి పీల్చుకోమంటుంది. చర్మం, మూత్రపిండం, మూత్రాశయం మూడూ ఒకే ఆజ్ఞకు కదులుతాయన్న మాట. ఈ వెలుగులో చూస్తే చిక్కటి మూత్రం తయారు చేయలేకపోవడం అంత పెద్ద లోటు కాదు. కప్ప మూత్రపిండం అసలు పని నీళ్లలో ఉన్నప్పుడు చర్మం గుండా ఒంట్లోకి చేరిపోయే అదనపు నీటిని పలుచని మూత్రంగా తోడి పోయడం. కరువు వచ్చినప్పుడు ఆ పలుచని మూత్రమే నిల్వనీరు. కొన్ని ఎడారి జాతుల్లో ఆ నిల్వ శరీర బరువులో మూడో వంతుకు చేరువవుతుంది. ఆస్ట్రేలియా ఎడారుల్లో మట్టి కింద పడుకుని ఉండే నీటికప్పను తవ్వి తీసి, దాని ఒంట్లోని నీటిని తాగడం అక్కడి ఆదివాసులు ఎరిగిన విద్య.

లవణాల సంగతీ చర్మానిదే. మంచినీటిలో కూర్చున్న జంతువు ఒంట్లోని సోడియం నిరంతరం కారిపోతూ ఉంటుంది. కప్ప చర్మం దాన్ని వెనక్కి లాగుతుంది. శాస్త్రవేత్త హాన్స్ ఉస్సింగ్ 1951లో కప్ప చర్మపు ముక్కను రెండు ద్రవాల మధ్య బిగించి, విద్యుత్ ప్రవాహాన్ని కొలిచి, సోడియంను చర్మం శక్తి ఖర్చుపెట్టి మరీ లోపలికి తోడుతుందని నిరూపించాడు. మనిషి మూత్రపిండంలో, పేగులో లవణాలు కదిలే తీరు గురించి ఇవాళ వైద్యులకు తెలిసిన దానిలో చాలా భాగం ఆ చర్మపు ముక్క నుంచి మొదలైంది. ఇక శోషరసం. కప్ప రక్తకేశనాళికల నుంచి ద్రవం క్షీరదాల్లో కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా బయటికి ఊరుతుంది. ఆ ద్రవాన్ని చర్మం కిందున్న విశాలమైన శోషరస కోశాలు పట్టుకుంటాయి, రెండు జతల శోషరస హృదయాలు తిరిగి సిరల్లోకి కొడతాయి. కప్ప చర్మం ఒంటికి అతుక్కోకుండా వదులుగా ఉండటానికి కారణం ఈ కోశాలే.

గోదురుకప్పను ఇక్కడ ఎదురు ఉదాహరణగా చూపేవారు ఉంటారు. బుడిపెలతో, మందంగా, పొడిగా కనిపించే దాని చర్మం చూసి, అది నీటికి దూరంగా ఇళ్ల పెరళ్లలో బతకడం చూసి, ఉభయచరాలన్నిటికీ చర్మం కేంద్రమని ఎలా అంటారని అడగవచ్చు. శ్వాసలో దాని చర్మం వాటా తక్కువన్నది సరే. కానీ నీళ్లు తాగేది మాత్రం అదీ పొట్ట అడుగు చర్మంతోనే, పైగా అక్కడ రక్తనాళాలు మరీ దట్టం. కళ్ల వెనక ఉబ్బెత్తుగా ఉండే విషగ్రంథులు కూడా చర్మపు పనితనమే. దక్షిణ అమెరికా ఫైలోమెడూసా కప్పలు ఇంకా గట్టి ఎదురు ఉదాహరణ. అవి చర్మగ్రంథుల నుంచి వచ్చే మైనాన్ని కాళ్లతో ఒళ్లంతా పూసుకుని తేమ పోకుండా ఆపుతాయి, పాముల్లా పక్షుల్లా యూరిక్ ఆమ్లం విసర్జిస్తాయి. ఆఫ్రికాలోని కైరోమాంటిస్ కప్ప కూడా తేమ పోకుండా ఆపుకుని యూరిక్ ఆమ్లం విసర్జిస్తుంది. ఈ ఉదాహరణలు నా వాదనను పడగొట్టవు, నిలబెడతాయి. చర్మాన్ని మూసుకోవడం, యూరిక్ ఆమ్లం తయారు చేయడం ఉభయచరాలకు చేతకాని పనులు కావు. అవసరమైన చోట రెండూ సాధించాయి. అయినా వేల జాతులు చర్మాన్ని తెరిచే ఉంచాయంటే, అలా ఉంచడంలో లాభం ఉండబట్టే. ఆగ్నేయాసియా మడ అడవుల్లో ఎండ్రకాయలు తినే కప్ప మరో దారి పట్టింది. ఉప్పునీరు ఒంట్లోని నీటిని లాగేయకుండా అది రక్తంలో యూరియాను పెద్ద మోతాదులో నిలుపుకుంటుంది. సొరచేపల ఉపాయమే ఇది. 1961లో ఈ సంగతి బయటపడింది.

ఉన్న ప్రతి లక్షణానికీ ఒక లాభం వెతికి చూపడం శాస్త్రం కాదు, చరిత్ర నుంచి వారసత్వంగా వచ్చిన బలహీనతలూ ఉంటాయని జీవశాస్త్రవేత్తలు హెచ్చరిస్తారు. ఆ హెచ్చరిక అవసరమే. అయితే ఈ విషయంలో చరిత్ర పాఠ్యపుస్తకాల పక్షాన లేదు. నేల మీదికి వచ్చిన తొలి నాలుగు కాళ్ల జంతువుల శిలాజాలు చూస్తే వాటిలో చాలావాటికి పెద్ద దేహాలు, బలమైన పక్కటెముకలు, ఒంటి మీద పొలుసులు ఉన్నాయి. అలాంటి ఒంటితో చర్మం ద్వారా ఊపిరి తీయడం కష్టం. ఊపిరితిత్తులు, కొంతమేరకు విభజన చెందిన గుండె అంతకుముందే ఊపిరితిత్తుల చేపల్లో ఉన్నాయి. పొలుసులు పోయి, పక్కటెముకలు కురచబడి, దేహం చిన్నదై, చర్మం పలుచబడటం ఇవాళ్టి ఉభయచరాల వంశంలో తరువాత వచ్చిన మార్పు. మన తూర్పు కనుమల్లోనూ ఉండే సిసీలియన్లలో కొన్నిటికి చర్మం మడతల్లో చిన్న పొలుసులు ఇప్పటికీ మిగిలి ఉన్నాయి. అంటే కప్ప మనకు తాత కాదు, మన తాతల నుంచి వేరే దారిన వెళ్లిన దాయాది. తడి చర్మం పాతకాలపు మిగులు కాదు, కొత్తగా తెరుచుకున్న మార్గం.

కప్ప తన జీవితంలోనే ఒకసారి ఒంటిని మొత్తం మార్చి కడుతుంది. ఈ మార్పుకు తాళంచెవి థైరాయిడ్ గ్రంథిలో ఉందని 1912లో గూడెర్నాచ్ అనే శాస్త్రవేత్త చూపించాడు. గుర్రపు థైరాయిడ్ ముక్కలు తిన్న తోకకప్పలు వేళకు ముందే కప్పలయ్యాయి. ఈ మార్పులో మొప్పలు పోతాయి, నాచు తినే పొడవాటి పేగు మాంసాహారానికి తగ్గట్టు కురచబడుతుంది, అమ్మోనియా విసర్జన తగ్గి కాలేయం యూరియా తయారీకి మళ్లుతుంది, రక్తంలోని హీమోగ్లోబిన్ సైతం మారుతుంది. నాలుక, కళ్లు, కాళ్లు, వాటిని నడిపే నాడులు అన్నీ వేటకు సిద్ధమవుతాయి. చర్మం కూడా ఆ దశలోనే సోడియంను తోడే శక్తిని సంపాదిస్తుంది, పైన కెరాటిన్ పొర ఏర్పడుతుంది. ఈ చివరి వివరం గుర్తు పెట్టుకోవాలి.

ఎందుకంటే ఈ వాదనకు అన్నిటికంటే బలమైన, అన్నిటికంటే బాధాకరమైన రుజువు ఒక వ్యాధి నుంచి వచ్చింది. కైట్రిడ్ అనే శిలీంధ్రం ఉభయచరాలను చంపుతోందని 1998లో గుర్తించారు. అది పెరిగేది కెరాటిన్ ఉన్న చర్మకణాల్లో. తోకకప్పల్లో కెరాటిన్ నోటి దగ్గర మాత్రమే ఉంటుంది కాబట్టి అవి సోకినా బతుకుతాయి. కప్పగా మారాక చాలా జాతుల్లో చనిపోతాయి. చర్మం పైపొరలో మాత్రమే ఉండే శిలీంధ్రం అంత పెద్ద ప్రాణిని ఎలా చంపుతుందన్నది పదేళ్లకు పైగా చిక్కుముడిగా ఉండిపోయింది. 2009లో ఆస్ట్రేలియా ఆకుపచ్చ చెట్టుకప్పల మీద జరిగిన పరిశోధనలో జవాబు దొరికింది. చర్మం లవణాలను రవాణా చేసే శక్తి సగానికి పైగా పడిపోయింది, రక్తంలో సోడియం సుమారు 20 శాతం, పొటాషియం సుమారు 50 శాతం తగ్గాయి, చివరికి గుండె ఆగిపోయింది. నోటి ద్వారా లవణాలు పట్టిస్తే జబ్బు లక్షణాలు కొంత తగ్గాయి. దెబ్బ తగిలింది చర్మానికి, ఆగింది గుండె. అధ్యాయాలుగా విడగొట్టిన పాఠంతో ఈ మరణం అర్థం కాదు. ఈ వ్యాధి వల్ల కనీసం 501 జాతులు క్షీణించాయనీ, వాటిలో 90 అంతరించిపోయి ఉంటాయనీ 2019 అంచనా. 2023లో వెలువడిన ప్రపంచ సమీక్ష ప్రకారం ఉభయచర జాతుల్లో దాదాపు 41 శాతం ముప్పులో ఉన్నాయి. వెన్నెముక జీవుల్లో ఇంత ప్రమాదంలో ఉన్న తరగతి మరొకటి లేదు. వేడెక్కుతున్న వాతావరణం, అడవుల నరికివేత, చిత్తడి నేలల పూడ్చివేత కూడా ఇందుకు కారణాలే. ఒక్క చర్మంతోనే అంతా వివరించవచ్చని నేను అనడం లేదు. కానీ ఎండ, ఉప్పు, విషం, శిలీంధ్రం ఏ రూపంలో వచ్చినా ఆ ప్రాణికి మొదట తగిలేది అక్కడే.

ఈ చర్చ మన పొలాల దాకా వస్తుంది. జర్మనీ పరిశోధకులు 2013లో వ్యవసాయంలో వాడే ఏడు మందులను యూరప్ సాధారణ కప్ప పిల్లల మీద పరీక్షించారు. సీసా మీద రాసిన మోతాదులోనే 40 నుంచి 100 శాతం దాకా చనిపోయాయి. గంటలోనే అన్నీ చనిపోయిన సందర్భమూ ఉంది. వాటిలో శిలీంధ్రనాశినులు, కలుపు మందులు కూడా ఉన్నాయి. కీటకనాశినులు మాత్రమే ప్రమాదమని అనుకోవడానికి లేదు. అమెరికా, ఐరోపాల్లో మందులకు అనుమతి ఇచ్చేటప్పుడు చాలాకాలం చేపలు, పక్షులు, క్షీరదాల మీద చేసిన పరీక్షలనే ఉభయచరాలకూ వర్తింపజేశారు. ఈకలూ బొచ్చూ కప్పిన చర్మం మీద వచ్చిన ఫలితం, నీళ్లు తాగే చర్మానికి ఎలా సరిపోతుంది? వరి మడిలో పురుగులను తినే కప్ప రైతుకు చేసే మేలు తెలిసే భారతదేశం 1987లో కప్పకాళ్ల ఎగుమతిని ఆపింది. ఆ మేలు మిగలాలంటే వరిపైర్ల మీద చల్లే ప్రతి మందునూ మన మడుల్లో ఉండే కప్పల చర్మం మీద, తోకకప్ప దశలోనూ నేల మీద తిరిగే దశలోనూ, విడిగా పరీక్షించాకే అనుమతించాలి. మన వ్యవసాయ విశ్వవిద్యాలయాలు ఈ పనిని తమ పరిశోధనల్లో చేర్చుకోవాలి.